యూనివర్సిటీ వదిలి కమ్యూనిటీ కాలేజీకి వెళ్ళి మళ్ళీ అదే యూనివర్సిటీకి రావొచ్చా? తమ్ముడి విషయం, తెలిసినోళ్ళు చెప్పండి

ఉద్దానం పిల్లోడు (ప్రశ్న):

అందరికీ నమస్తే. మాది పలాస దగ్గర. మా తమ్ముడు టెక్సాస్‌లో ఒక గవర్నమెంటు యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాడు, ఎమ్మెస్ కాదండి, ఇంటర్ అవగానే డైరెక్టుగా బ్యాచిలర్స్‌కే వెళ్ళిపోయాడు. ఇప్పుడు రెండో సెమిస్టర్ చివర్లో ఉన్నాడు. మొదటి సెమిస్టర్‌లో జీపీఏ (నాలుగుకి లెక్కేసే సగటు గ్రేడు) 1.9 వచ్చిందని ప్రొబేషన్‌లో, అంటే హెచ్చరిక కింద, పెట్టారంట, ఆ సంగతి మాకు మొన్న రాత్రి ఫోన్లో ఏడుస్తూ చెప్పాడు, అప్పటిదాకా అంతా బాగుంది అన్నయ్యా అనే చెప్పుకొచ్చాడు. ఈ సెమిస్టర్‌లో కాల్కులస్ 2, ఫిజిక్స్ రెండూ పోయేలా ఉన్నాయంట.

ఇప్పుడు ఆడి ప్లాన్ ఏటంటే ఈ సెమిస్టర్ మొత్తం విత్‌డ్రా చేసీసి, అంటే సబ్జెక్టులన్నీ మధ్యలోనే వదిలీసి, కమ్యూనిటీ కాలేజీలో (డిగ్రీ మొదటి రెండేళ్ళ చదువు చెప్పే కాలేజీ అంట) చేరి, అక్కడ ఏడాదో ఏడాదిన్నరో చదివి మార్కులు తెచ్చుకుని మళ్ళీ ఇదే యూనివర్సిటీకి వస్తాడంట. ఫీజు కూడా తక్కువంట. ఇక్కడ ఏడాదికి ట్యూషనే 26 వేల డాలర్లు పోతంది, అక్కడ 8 వేల లోపే అంటున్నాడు.

నాకు తెలియాల్సినవి: వీసాకి ఇబ్బంది ఉంటాదా, చదివిన సబ్జెక్టులు వెనక్కి వచ్చినప్పుడు లెక్కలోకి తీసుకుంటారా, బ్యాంకు లోను ఆ యూనివర్సిటీ పేరు మీద ఉంది కదా దాని సంగతేటి. డబ్బు గురించి దాచేదేం లేదు, 2018 తిత్లీ తుఫానుకి మా జీడి తోట మొత్తం పోయింది, మళ్ళీ నాటిన మొక్కలు ఈమధ్యే కాస్త కాపు ఇస్తున్నాయి, ఆ ధైర్యంతోనే నాన్న సంతకం పెట్టారు. ఇంకో సంగతి, నాన్నకి కమ్యూనిటీ కాలేజీ అని చెప్తే "అంటే మళ్ళీ ఇంటర్ కాలేజీకి వెళ్ళిపోనాడా" అంటున్నారు, ఎలా చెప్పాలో కూడా చెప్పండి.

హ్యూస్టన్‌లో నర్సన్నపేటోడు:

తమ్ముడికి ఇప్పుడే ఫోన్ చెయ్యి, ఆ విత్‌డ్రా బటన్ నొక్కొద్దని చెప్పు. మిగతాది తర్వాత చదువుకో.

నొక్కీలేదు కదా? సరే విను. ఎఫ్-1 అంటే స్టూడెంట్ వీసా మీద ఉన్నోడు సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు (ఒక్కో సబ్జెక్టుకి ఇన్ని అని ఉంటాయి) చదువుతూ ఉండాలి, డీఎస్‌ఓ అంటే ఇంటర్నేషనల్ ఆఫీసులో మన ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే కాగితం) చూసే ఆయన, ఆయన్ని అడక్కుండా అంతకన్నా కిందికి పడితే స్టేటస్ పోతాది. అడిగి విత్‌డ్రా చేసినా దేశం వదలడానికి 15 రోజులే ఇస్తారు. చదువు పూర్తిచేసినోళ్ళకి ఇచ్చే 60 రోజులు ఇలాంటోళ్ళకి రావు. చాలామంది పిల్లలు ఈ రెండూ కలిపీసి ఇంకా రెండు నెలలు టైముంది అనుకుంటారు.

వరస ఇలా ఉండాలి. సెమిస్టర్ ఎలాగోలా పూర్తి చెయ్యాలి, ఎఫ్ గ్రేడు, అంటే ఫెయిలు, వచ్చినా సరే. ఎఫ్ వస్తే జీపీఏ పోతాది గానీ వీసా పోదు. ఈలోపు కమ్యూనిటీ కాలేజీకి అప్లై చేసి అడ్మిషన్ లెటర్ తెచ్చుకోవాలి. ఆ లెటర్ పట్టుకెళ్ళి ఇప్పటి డీఎస్‌ఓకి చూపిస్తే ఆయన సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల గవర్నమెంటు రికార్డు) ట్రాన్స్‌ఫర్ రిలీజ్ డేట్ పెడతాడు. ఆ తేదీ దాటేదాకా మనసు మార్చుకుంటే ఆపించుకోవచ్చు, దాటాక రికార్డు కొత్త కాలేజీ చేతికి వెళ్ళిపోద్ది, క్యాంపస్‌లో ఏదైనా ఉద్యోగం చేస్తుంటే అదీ ఆరోజుతో అయిపోయినట్టే. కొత్త కాలేజీ కొత్త ఐ-20 ఇస్తుంది. తర్వాత వచ్చే సెమిస్టర్‌లోనే క్లాసులు మొదలవ్వాలి, ఏదేమైనా అయిదు నెలల లోపు. సెవిస్ ఫీజు 350 డాలర్లు మళ్ళీ కట్టక్కర్లేదు, పాస్‌పోర్టులో స్టాంపింగ్ మీద పాత యూనివర్సిటీ పేరున్నా ఆ వీసా గడువు ఉన్నంతకాలం పనికొస్తాది.

కొత్త ఐ-20 చేతికి రాగానే అందులో ఎఫ్-1 అని ఉందో ఎం-1 అని ఉందో చూసుకోమను. కమ్యూనిటీ కాలేజీల్లో వెల్డింగ్, ఆటోమొబైల్ లాంటి వృత్తి కోర్సులు కూడా ఉంటాయి, వాటిలో కొన్నిటికి ఎం-1 ఇస్తారు, అందులో ఇరుక్కుంటే వెనక్కి రావడం పెద్ద తలనొప్పి. అసోసియేట్ డిగ్రీ (కమ్యూనిటీ కాలేజీ ఇచ్చే రెండేళ్ళ డిగ్రీ) అని స్పష్టంగా ఉండాలి. ఇంకోటి, ఆన్‌లైన్ క్లాసులు ఈజీ అని అన్నీ అవే తీసుకుంటాడేమో, ఆ 12 క్రెడిట్లలో 3 మాత్రమే ఆన్‌లైన్‌వి లెక్కకొస్తాయి.

2025 ఆగస్టులో వాళ్ళ హోంలాండ్ సెక్యూరిటీ వాళ్ళు ఒక ప్రతిపాదన పెట్టారు, బ్యాచిలర్స్ పిల్లలు మొదటి ఏడాది లోపల కాలేజీ మారకూడదు అనీసి. కాబట్టి మీవోడు మారే రోజుకి ఏ రూల్ నడుస్తోందో ఆ డీఎస్‌ఓనే నోటితో కాదు ఈమెయిల్లో అడగమను. వాట్సప్ గ్రూపుల్లో అన్నయ్యలు చెప్పేది కాదు (నాతో సహా).

రాజాం రాజా:

ఇంత తిప్పలెందుకు, ఇంటికి వచ్చీమనండి. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) రాసుకుంటే ఇక్కడ బోలెడు కాలేజీలు. కాల్కులస్ రానోడు అక్కడ ఉండి ఏటి చేస్తాడు, ఊరికే నాన్న డబ్బు తగలెయ్యడం కాకపోతే.

విజీనారం అప్ప:

రాజా గారూ, ఏడుస్తున్న పిల్లాడి గురించి అడిగితే ఇలాగేనా చెప్పడం. నేను విజయనగరం అమ్మాయిని, డల్లాస్ వైపు ఒక కమ్యూనిటీ కాలేజీ అడ్వైజింగ్ ఆఫీసులో పనిచేస్తున్నాను. రోజుకి ఇలాంటి పిల్లలు ఇద్దరు ముగ్గురు వస్తారు నా దగ్గరికి, అందులో సగం మంది కాల్కులస్ 2 దగ్గర ఇరుక్కున్నోళ్ళే.

బాబూ, క్రెడిట్ల సంగతి నేను చెప్తాను. టెక్సాస్‌లో గవర్నమెంటు కాలేజీలన్నిటికీ ఉమ్మడి కోర్సు నెంబర్లు ఉంటాయి. కాల్కులస్ 1 అంటే మ్యాథ్ 2413, కాల్కులస్ 2 అంటే 2414, సైన్సు ఇంజినీరింగ్ పిల్లల ఫిజిక్స్ 2425. ఆ నెంబర్లో మొదటి అంకె ఏ ఏడాది కోర్సో, రెండో అంకె ఎన్ని క్రెడిట్లో చెప్తుంది, అంటే 2414 నాలుగు క్రెడిట్లు. మీ తమ్ముడి యూనివర్సిటీ సొంత నెంబర్లు వాడినా క్యాటలాగ్‌లో ఈ ఉమ్మడి నెంబరు పక్కనే రాసుంటుంది. ఫిజిక్స్‌లోనే పిల్లలు బోల్తా పడతారు, 1401 కూడా ఫిజిక్సే, అదీ నాలుగు క్రెడిట్లే, సులువు కూడా, కానీ అది ఆల్జీబ్రాతో నడిచేది, కంప్యూటర్ సైన్స్ డిగ్రీకి చాలాచోట్ల ఒప్పుకోరు. ఏడాది చదివాక తెలిసి నా టేబుల్ ముందు కూర్చుని బిక్కమొహం వేసినోళ్ళని చూశాను.

42 క్రెడిట్ల కోర్ కరిక్యులమ్ అని ఒకటుంది, ఇంగ్లీషు, వాళ్ళ చరిత్ర 6, వాళ్ళ ప్రభుత్వం గురించి 6, ఇలాంటివన్నీ కలిపి. అది ఒకచోట పూర్తిచేస్తే ఇంకో గవర్నమెంటు యూనివర్సిటీ మొత్తంగా తీసుకోవాల్సిందే, చట్టమే అలా ఉంది. మన పిల్లలు చరిత్ర అంటే పారిపోతారు గానీ అదంతా చవగ్గా అయిపోయేది కమ్యూనిటీ కాలేజీలోనే.

ఇప్పుడు చేదు సంగతి. ఇక్కడ కాల్కులస్ 2 మళ్ళీ చదివి ఏ తెచ్చుకున్నా యూనివర్సిటీ జీపీఏలో ఆ ఎఫ్ చెరగదు. క్రెడిట్ వస్తుంది, గ్రేడు రాదు, ఎక్కువ యూనివర్సిటీల పద్ధతి ఇదే. మళ్ళీ అదే యూనివర్సిటీకి తిరిగొచ్చిన రోజున పాత 1.9 గుమ్మంలోనే కూర్చుని ఉంటాది. కాబట్టి అదే చోటుకి వెళ్ళాలా, వేరే యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవ్వాలా అనేది కూడా ఆలోచించండి. వేరేచోట అడ్మిషన్‌కి పాత మార్కులు చూస్తారు (ట్రాన్స్‌క్రిప్టులు అంటే పాత కాలేజీల మార్కుల లిస్టులన్నీ పంపాల్సిందే, ఒకటి దాచితే దొరికిపోతారు) కానీ చేరాక జీపీఏ సాధారణంగా సున్నా నుంచి మొదలవుతుంది.

ఇంకా రెండు. ఈ సెమిస్టర్‌లో ఎన్ని క్రెడిట్లు ఉన్నాయి? కాల్కులస్ 4, ఫిజిక్స్ 4, మూడేసి క్రెడిట్లవి ఇంకో రెండు సబ్జెక్టులు అనుకుంటే 14, ఒక్కటి తీసినా 12 కిందికి పోతాడు, కాబట్టి డీఎస్‌ఓ లేకుండా ఏదీ తియ్యొద్దు. టెక్సాస్‌లో డిగ్రీ మొత్తం మీద ఆరు కోర్సులకి మించి డ్రాప్ చెయ్యనివ్వరు కూడా, కాలేజీ మారినా ఆ లెక్క వెంట వస్తుంది. రెండోది, సస్పెన్షన్ దాకా రానివ్వకుండా ముందే బయటపడమనండి. ప్రొబేషన్‌లో ఉన్నోడిని మేము మామూలుగానే తీసుకుంటాం, సస్పెండైనోడు వస్తే కమిటీలూ అర్జీలూ.

కలెక్టరాఫీస్ రోడ్డు రిటైర్డ్ బ్యాంకు:

బాబూ, లోను విషయం నేను చెప్తాను, ముప్పై ఏళ్ళు ఆ కౌంటర్లోనే ఉన్నాను. శాంక్షన్ లెటర్లో కాలేజీ పేరు, కోర్సు పేరు రెండూ ఉంటాయి, డబ్బు సెమిస్టర్ వారీగా ఆ యూనివర్సిటీ ఖాతాకే వెళ్తుంది. కాలేజీ మారితే కొత్త ఐ-20, కొత్త ఫీజు ఎస్టిమేట్, ఎందుకు మారుతున్నాడో ఒక కాగితం, ఈ మూడూ బ్రాంచిలో ఇచ్చి తర్వాతి విడత పేరు మార్పించుకోవాలి. మీ నాన్నగారు కో-బారోయర్ కదా, ఆయన సంతకం కావాలి. చెప్పకుండా ఊరుకుంటే ఏమవుతుందంటే చదువు మానేశాడని బ్యాంకు అనుకుంటుంది, కోర్సు కాలం ప్లస్ ఒక ఏడాది అని ఇచ్చిన మారటోరియం, అంటే కిస్తీలు కట్టక్కర్లేని గడువు, పోయి కిస్తీలు మొదలవుతాయి. నాలుగేళ్ళు అయిదేళ్ళయ్యేలా ఉంటే పొడిగింపు కూడా ముందే అడగాలి. బ్రాంచి మేనేజరు కసురుకుంటాడు, అయినా వెళ్ళండి.

హ్యూస్టన్‌లో నర్సన్నపేటోడు:

అప్ప చెప్పిన దానికి ఒకటి కలుపుతాను. యూనివర్సిటీకి తిరిగి వచ్చేటప్పుడు కాంపిటీటివ్ స్కాలర్‌షిప్ కనీసం వెయ్యి డాలర్లది వస్తే టెక్సాస్ గవర్నమెంటు యూనివర్సిటీలు అవుట్ ఆఫ్ స్టేట్ ఫీజు మాఫీ చేసి లోకల్ రేటు వెయ్యొచ్చు. అందరికీ రాదు, కమ్యూనిటీ కాలేజీలో 3.7, 3.8 తెచ్చుకున్న మనోళ్ళకి వచ్చింది, నాకూ అలాగే వచ్చింది. ఇంకోటి ఎవరూ చెప్పరు, అసోసియేట్ డిగ్రీ మీద ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేసుకునే పర్మిషన్) వస్తుంది గానీ స్టెమ్ ఎక్స్‌టెన్షన్, అంటే సైన్సు, ఇంజినీరింగ్ లాంటి కోర్సులోళ్ళకి ఇచ్చే 24 నెలల పొడిగింపు, రాదు, దానికి బ్యాచిలర్స్ ఉండాల్సిందే, కాబట్టి మధ్యలో ఉద్యోగం దొరికిందని అక్కడే ఆగిపోవద్దని చెప్పు.

చీపురుపల్లి డిప్లొమా:

నాది వేరే కథ గానీ ఇదే దారి. బీటెక్ ఫస్టియర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో డిటైన్ అయిపోయాను. ఇంట్లో పెద్ద గొడవ. పాలిసెట్ రాసి డిప్లొమాలో చేరాను, మూడేళ్ళు నాకన్నా చిన్న పిల్లల పక్కన కూర్చున్నాను, ఈసెట్ రాసి మళ్ళీ బీటెక్ సెకండియర్‌లో పడ్డాను. పెళ్ళిళ్ళలో "ఇంకా చదువుతున్నావేటి" అని అడిగేవోళ్ళు. నాకు మూడేళ్ళు ఖర్చయ్యింది, మీ తమ్ముడికి చదివిన క్రెడిట్లు చేతిలో ఉంటాయి, అది చిన్న లాభం కాదు. మీ నాన్నగారికి పాలిటెక్నిక్ లాంటిదని చెప్పండి, ఈసెట్ లేకుండానే మళ్ళీ బీటెక్‌లోకి దారి ఉన్న పాలిటెక్నిక్ అని. మన దగ్గర పాలిటెక్నిక్ అంటే పెద్దోళ్ళకి గౌరవం ఉంది.

విజీనారం అప్ప:

ఇది బాగుంది, నేను కూడా ఇంక అలాగే చెప్తాను. అయినా వాళ్ళ నాన్నగారు మరీ తప్పేం అనలేదు, వీటికి మొదట్లో జూనియర్ కాలేజీ అనే పేరు, 1901లో ఇల్లినాయ్‌లో పెట్టిన జోలియెట్ జూనియర్ కాలేజీకి ఇప్పటికీ అదే పేరు.

ఉద్దానం పిల్లోడు:

అందరికీ చాలా థాంక్స్ అండి. రాత్రి రెండింటికి తమ్ముడితో మాట్లాడాను. విత్‌డ్రా ఫారం నింపి పెట్టాడంట, పంపలేదు, పొద్దున్న పంపుదాం అనుకున్నాడంట! పెట్టిన చోటే ఉంచమన్నాను. క్రెడిట్లు అప్ప చెప్పినట్టు సరిగ్గా 14. సోమవారం డీఎస్‌ఓ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు, కమ్యూనిటీ కాలేజీకి అప్లికేషన్ ఈ వారంలోనే పెడతాడు. ఫైనల్స్‌కి మూడు వారాలుంది, ఫిజిక్స్ ఎలాగైనా సి తెచ్చుకుంటానంటున్నాడు, కాల్కులస్ మీద ఆశ వదిలీసాడు.

బ్యాంకుకి నేనూ నాన్నా బుధవారం వెళ్తున్నాం. నాన్నకి పాలిటెక్నిక్ అని చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అయితే ఫీజు ఎంత తగ్గుద్దన్నావు" అని రెండోసారి అడిగారు, కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఆ కాగితం జేబులో పెట్టుకుని తోటకి వెళ్ళారు.

అప్పా, మ్యాథ్ 2414 వేసవిలో తీసుకుంటే అయిదు వారాల్లో అయిపోద్దంట కదా, ఆడు దానికి రిజిస్టర్ అవుతానంటున్నాడు. వద్దనమంటారా?

విజీనారం అప్ప:

అయిదు వారాలా! వద్దు వద్దు. ఫెయిలైన కాల్కులస్‌ని పరుగెత్తించొద్దు, పదహారు వారాల క్లాసులో కూర్చోమను. వేసవిలో వాళ్ళ ప్రభుత్వం సబ్జెక్టు 2305 తీసుకోమను, చదివితే వచ్చేస్తుంది. డీఎస్‌ఓ ఏమన్నాడో సోమవారం ఇక్కడ రాయి.