మెటాస్ప్లాయిటబుల్ 2: నాకు 23 పోర్టులు, నా స్నేహితురాలికి 30. తేడా ఎక్కడ?

ప్రశ్న (బీటెక్ మూడో సంవత్సరం)

అందరికీ నమస్కారం. పెనెట్రేషన్ టెస్టింగ్ (అనుమతితో సిస్టమ్‌లోకి చొరబడి లోపాలు వెతకడం) సొంతంగా నేర్చుకుంటున్నాను. ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ పెట్టుకుని ఒక మెషీన్‌లో కాలీ లినక్స్, సాధన కోసం రెండో మెషీన్‌లో, కావాలనే లోపాలతో తయారుచేసిన మెటాస్ప్లాయిటబుల్ 2 నడుపుతున్నాను. రెండూ హోస్ట్-ఓన్లీ నెట్‌వర్క్‌లోనే ఉన్నాయి, బయటి ఇంటర్నెట్‌తో సంబంధం లేదు. సాధన మెషీన్ చిరునామా 192.168.56.102.

తెరిచి ఉన్న పోర్టులను (నెట్‌వర్క్ సేవలు వినే నంబరు తలుపులను) వెతికే ఎన్‌మ్యాప్‌కు ఆ చిరునామా ఒక్కటే ఇచ్చి స్కాన్ చేశాను. 23 పోర్టులు తెరిచి ఉన్నాయని, 977 మూసి ఉన్నాయని చెప్పింది. నా స్నేహితురాలు అదే మెషీన్‌ను తన ల్యాప్‌టాప్‌లో స్కాన్ చేస్తే 30 వచ్చాయట. ఆమె జాబితాలో 3632, 6697, 8787 ఉన్నాయి, నా జాబితాలో లేవు. వాటితో పాటు ముప్ఫై వేలు, నలభై వేలు దాటిన పెద్ద సంఖ్యలు మరో నాలుగు ఉన్నాయి. ఆమె వాడిన ఆప్షన్‌నే నేనూ వాడి చూస్తే నాకూ 30 వచ్చాయి, కానీ ఆ నాలుగు పెద్ద సంఖ్యలు మాత్రం ఆమెవి వేరు, నావి వేరు. మెషీన్‌ను ఆపి మళ్లీ మొదలుపెడితే నావి కూడా మారిపోయాయి.

ఇంకో సందేహం. 2121 పోర్టు పక్కన సీసీప్రాక్సీ-ఎఫ్‌టీపీ అని పడింది. వెతికితే సీసీప్రాక్సీ అనేది విండోస్ సాఫ్ట్‌వేర్ అని తెలిసింది. ఈ మెషీన్ ఉబుంటు 8.04 కదా, అందులోకి అది ఎలా వచ్చింది? 1524 పక్కన ఇంగ్రెస్‌లాక్ అని ఉంది, ఇంగ్రెస్ డేటాబేస్ ఇందులో ఉన్నట్టు ఎక్కడా కనబడలేదు. 8180 పక్కన ఏమీ తెలియదని రాసి ఉంది.

స్కాన్ ఇచ్చిన జాబితాను ఎంతవరకు నమ్మాలి? దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు (సెక్యూరిటీ టెస్టింగ్ ఉద్యోగి)

మీరు అడిగిన తీరు చూసి చాలా సంతోషం వేసింది. కొత్తగా నేర్చుకునేవారిలో ఎక్కువమంది జాబితా రాగానే దాడి మాడ్యూల్ వెతుక్కుంటూ వెళ్లిపోతారు. మీరు రెండు జాబితాలు పక్కపక్కన పెట్టుకుని తేడా ఎక్కడుందో చూశారు. సంస్థల నెట్‌వర్కులు పరీక్షించి నివేదికలు రాయడమే నా ఉద్యోగం. అక్కడ రోజూ చేసే పని కూడా ఇదే.

ముందుగా 23, 30 సంగతి. పోర్టుల విషయం ఏమీ చెప్పకపోతే ఎన్‌మ్యాప్ వెయ్యి టీసీపీ పోర్టులనే చూస్తుంది. ఒకటి నుంచి వెయ్యి వరకు అని చాలామంది పొరబడతారు, అది కాదు. సాధారణంగా తెరిచి ఉండే అవకాశం ఎక్కువున్న వెయ్యింటిని ఏరి పెట్టిన జాబితా అది. అందుకే 8180 అందులో ఉంది, 3632 లేదు. మీ 23, ఆ 977 కలిపితే సరిగ్గా వెయ్యి. అన్నీ చూడాలంటే హైఫన్, చిన్న పి, మళ్లీ హైఫన్ రాయాలి: -పి-. అప్పుడు 1 నుంచి 65535 వరకు తడుముతుంది. హోస్ట్-ఓన్లీ నెట్‌వర్క్‌లో ఇందుకు పట్టే సమయం చాలా తక్కువ, సాధన మెషీన్ మీద దీన్ని మానుకోవడానికి కారణమే లేదు. ఈ మెషీన్‌లో 3632 మీద డిస్ట్‌సీసీ నడుస్తోంది. కంపైల్ చేసే పనిని వేరే కంప్యూటర్లకు పంచే ప్రోగ్రామ్ అది. ఎవరు ఆదేశం పంపినా నడిపించే స్థితిలో దాన్ని వదిలేశారు. వెయ్యి పోర్టులతో ఆపేసినవారికి ఆ దారి ఉందన్న సంగతే తెలియదు.

మారిపోతున్న ఆ నాలుగు పెద్ద సంఖ్యల విషయం నాకు మరీ ఇష్టమైనది. వాటిలో మూడు ఎన్‌ఎఫ్‌ఎస్ ఫైల్ పంపకానికి తోడుగా నడిచే ఆర్‌పీసీ (దూరపు కంప్యూటర్‌లోని పనిని పిలిచే పద్ధతి) సేవలు: మౌంట్‌డీ, ఎన్‌లాక్‌మ్గర్, స్టేటస్. నాలుగోది జావా ఆర్‌ఎంఐది. వీటికి స్థిరమైన పోర్టు కేటాయించలేదు. మెషీన్ మొదలైనప్పుడు ఖాళీగా ఉన్న ఏదో ఒక సంఖ్య తీసుకుంటాయి. ఆర్‌పీసీ సేవలు తీసుకున్న సంఖ్యను 111 పోర్టులో కూర్చున్న ఆర్‌పీసీబైండ్ దగ్గర నమోదు చేస్తాయి. రైల్వే స్టేషన్‌లో విచారణ కౌంటర్ లాంటిది అది. ఏ సేవ ఏ పోర్టులో ఉందో దాన్ని అడిగితే చెబుతుంది. కాలీలో ఆర్‌పీసీఇన్ఫో ఆదేశాన్ని -పి ఆప్షన్‌తో ఆ చిరునామా మీద నడపండి. మౌంట్‌డీ ఎదురుగా కనిపించే సంఖ్యను మీ స్కాన్ జాబితాలో వెతకండి, దొరుకుతుంది. మెషీన్‌ను మళ్లీ మొదలుపెట్టి ఇంకోసారి అడగండి. రెండూ కలిసే మారతాయి.

ఇక పేర్లు. ఆ పేర్లను సాధన మెషీన్ చెప్పలేదు. ఎన్‌మ్యాప్ దగ్గర ఒక ఫైలు ఉంటుంది, ఏ పోర్టుకు వాడుకలో ఏ పేరు ఉందో అందులో రాసి ఉంటుంది. 2121 తెరిచి ఉందని తెలియగానే ఆ ఫైలులో ఉన్న పేరు తెచ్చి పక్కన పెట్టింది. తలుపు అవతల ఎవరున్నారో అప్పటివరకు అడగనేలేదు. అడగాలంటే -ఎస్‌వి కావాలి, ఎస్ చిన్నది, వి పెద్దది. అప్పుడు ఎన్‌మ్యాప్ ప్రతి తెరిచిన పోర్టుకూ కనెక్ట్ అయి, ముందు అవతలివాళ్లు ఏమైనా పలుకుతారేమోనని కాసేపు ఆగుతుంది. ఎఫ్‌టీపీ సర్వర్ తనంతట తానే పేరు, వెర్షన్ చెప్పేస్తుంది. వెబ్ సర్వర్ అడిగేదాకా నోరు విప్పదు, కాబట్టి దానికి ఒక అభ్యర్థన పంపి, వచ్చిన జవాబును తన దగ్గరున్న నమూనాలతో పోల్చి చూస్తుంది. మీరు ఈ మూడు పోర్టులనూ అలా అడిగి, ఏమి వచ్చిందో ఇక్కడ పెట్టండి.

మూసి ఉన్నాయన్న 977 గురించి కూడా ఒక మాట. మూసి ఉండటం అంటే అవతలి మెషీన్ ఆర్‌ఎస్‌టీ ప్యాకెట్ పంపి ఇక్కడెవరూ లేరని స్పష్టంగా చెప్పడం. ఫిల్టర్డ్ అని వస్తే అర్థం వేరు: జవాబే రాలేదు, లేదా దారిలో ఫైర్‌వాల్ అడ్డుకుంది. ఈ మెషీన్‌కు ఫైర్‌వాల్ లేదు కాబట్టి అన్నీ మూసి ఉన్నట్టే కనిపించాయి. నిజమైన నెట్‌వర్క్‌లో మీకు ఎక్కువగా ఎదురయ్యేది ఫిల్టర్డే. --రీజన్ అనే ఆప్షన్ జోడిస్తే ప్రతి పోర్టుకూ ఆ నిర్ణయానికి ఎలా వచ్చిందో చూపిస్తుంది. దాన్ని ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి.

జవాబు (పోటీలలో పాల్గొనే విద్యార్థి)

సాధన మెషీనే కదా, ఇంత లోతుకు వెళ్లాలా అని నా అభిప్రాయం. 21 పోర్టులో వీఎస్‌ఎఫ్‌టీపీడీ 2.3.4 అనే ఎఫ్‌టీపీ సర్వర్ ఉంది. ఆ వెర్షన్‌లో బ్యాక్‌డోర్ (దొంగదారి) ఉందని అందరికీ తెలుసు, దాడులు నడిపే సాధనమైన మెటాస్ప్లాయిట్‌లో మాడ్యూల్ సిద్ధంగా ఉంది. వెర్షన్ చూసుకుంటే చాలు, రూట్ (మెషీన్ మీద పూర్తి అధికారం) దొరుకుతుంది. మిగతావన్నీ తరువాత నేర్చుకోవచ్చు.

జవాబు (సెక్యూరిటీ టెస్టింగ్ ఉద్యోగి)

ఈ మెషీన్ మీద రూట్ దొరుకుతుంది, అందులో వాదన లేదు. కానీ "వెర్షన్ చూసుకుంటే చాలు" అన్న మాటను ఒప్పుకోలేను, మీరు ఎంచుకున్న ఉదాహరణే దానికి అడ్డం తిరుగుతుంది.

వీఎస్‌ఎఫ్‌టీపీడీ 2.3.4ను రాసినవారు అందులో బ్యాక్‌డోర్ పెట్టలేదు. 2011 జూన్ చివర, జూలై మొదట్లో, డౌన్‌లోడ్ సైటులో ఉన్న ఆ ఫైలును ఎవరో మార్చి పెట్టారు. యూజర్ పేరులో నవ్వు ముఖం గుర్తు, అంటే కోలన్, కుడి బ్రాకెట్ కనబడితే 6200 పోర్టులో రూట్ షెల్ తెరుచుకునే కోడ్ అందులో చేర్చారు. జూలై 3న సంగతి బయటపడి ఆ ఫైలును తీసేశారు. ఫైలును మార్చకముందు దించుకున్నవారి దగ్గర, డిజిటల్ సంతకం సరిచూసుకున్నవారి దగ్గర ఉన్నది కూడా 2.3.4నే. పలికే వెర్షన్ ఒకటే, లోపల కోడ్ వేరు. 6667లో ఉన్న చాట్ సర్వర్ అన్‌రియల్ ఐఆర్‌సీడీ 3.2.8.1 కథా ఇంతే. దాని మార్చిన ఫైలు 2009 నవంబరు నుంచి 2010 జూన్ వరకు కొన్ని డౌన్‌లోడ్ సైట్లలో ఉండిపోయింది.

దీనికి వ్యతిరేక దిశలో ఇంకో చిక్కు ఉంది. డెబియన్, రెడ్ హ్యాట్ లాంటి పంపిణీలు లోపాన్ని సరిచేసినా ప్రధాన వెర్షన్ సంఖ్యను మార్చవు, పాత సంఖ్య మీదే ప్యాచ్ వేస్తాయి. పైకి చూస్తే పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్, లోపల లోపాలన్నీ పూడ్చేసి ఉంటాయి. సంఖ్యను మాత్రమే చూసి "ఇది ప్రమాదకరం" అని నివేదికలో రాస్తే, అవతలి సిస్టమ్ అడ్మిన్ ప్యాకేజీ చరిత్ర తెరిచి చూపిస్తాడు. ఆ తరువాత మీ నివేదికలో నిజంగా ఉన్న లోపాలను కూడా అతను తేలిగ్గా తీసుకుంటాడు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం, ఎందుకంటే నష్టపోయేది ఆ సర్వర్ మీద ఆధారపడిన మామూలు జనం.

అందుకే వెర్షన్‌ను ఒక అనుమానంగా రాసుకోండి. దాన్ని ఎలా నిర్ధారించారో పక్క గడిలో రాయండి. సాధన మెషీన్ ఉన్నది ఈ అలవాటు పడటానికే.

జవాబు (కొత్త సభ్యుడు)

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. నాకు రెండు మెషీన్లలోనూ 10.0.2.15 అనే చిరునామానే కనిపిస్తోంది. దాన్ని స్కాన్ చేస్తే వెయ్యి పోర్టులూ మూసి ఉన్నాయని వస్తోంది. నా మెటాస్ప్లాయిటబుల్ పాడైందా?

జవాబు (నెట్‌వర్క్ అడ్మిన్)

పాడవలేదు. మీరు స్కాన్ చేస్తున్నది మీ కాలీనే. వర్చువల్‌బాక్స్‌లో నెట్‌వర్క్ రకం నాట్ అని ఉంటే ప్రతి మెషీన్‌కూ విడివిడిగా ఒక నెట్‌వర్క్ ఇస్తుంది, ప్రతిదానికీ అదే 10.0.2.15 వస్తుంది, ఒకదాని నుంచి మరొకటి కనబడదు. రెండింటినీ హోస్ట్-ఓన్లీకి మార్చి మళ్లీ మొదలుపెట్టండి. సాధారణంగా 192.168.56తో మొదలయ్యే వేర్వేరు చిరునామాలు వస్తాయి. రూట్‌గా స్కాన్ చేసినప్పుడు జాబితా చివర 08:00:27తో మొదలయ్యే మ్యాక్ చిరునామా కనబడితే అవతలి వర్చువల్ మెషీన్‌ను చేరుకున్నట్టే. మీ మెషీన్‌ను మీరే స్కాన్ చేస్తే ఆ వరుస రాదు.

బ్రిడ్జ్‌డ్ (వర్చువల్ మెషీన్‌ను నేరుగా బయటి నెట్‌వర్క్‌లో కలిపే రకం) మాత్రం వద్దు. మెటాస్ప్లాయిటబుల్‌ను హాస్టల్ వైఫైలో బ్రిడ్జ్‌డ్‌గా పెడితే ఆ వైఫైలో ఉన్న ఎవరైనా అందులోకి దూరగలరు. అదీకాక, చిరునామాలో ఒక అంకె తప్పు కొట్టినా మీ స్కాన్ వేరొకరి కంప్యూటర్ మీద పడుతుంది. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్‌లోకి వెళ్లడం సమాచార సాంకేతిక చట్టం 2000లోని 43వ సెక్షన్ కిందికి వస్తుంది. దురుద్దేశంతో చేశారని తేలితే 66వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బయటి చిరునామా మీద ప్రయత్నించి చూడాలని ఉంటే ఎన్‌మ్యాప్ బృందం స్కాన్‌మీ డాట్ ఎన్‌మ్యాప్ డాట్ ఆర్గ్ అనే సర్వర్‌ను అందుకోసమే ఉంచింది. దాన్ని కూడా పరిమితంగానే వాడమన్నారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. -ఎస్‌వి, -పి- కలిపి నడిపాను. వచ్చిన వరుసల్లో కొన్ని:

514/టీసీపీ – ఓపెన్ – టీసీపీర్యాప్డ్
1524/టీసీపీ – ఓపెన్ – బైండ్‌షెల్ – మెటాస్ప్లాయిటబుల్ రూట్ షెల్
2121/టీసీపీ – ఓపెన్ – ఎఫ్‌టీపీ – ప్రోఎఫ్‌టీపీడీ 1.3.1
8180/టీసీపీ – ఓపెన్ – హెచ్‌టీటీపీ – అపాచీ టామ్‌క్యాట్, కొయోట్ జేఎస్‌పీ ఇంజిన్ 1.1

సీసీప్రాక్సీ, ఇంగ్రెస్‌లాక్ రెండూ మాయమయ్యాయి. ఆర్‌పీసీఇన్ఫోలో మౌంట్‌డీ సంఖ్య నా స్కాన్‌లో ఉన్నదే. కానీ 514 విషయం అర్థం కాలేదు. ముందు షెల్ అని ఉండేది, ఇప్పుడు టీసీపీర్యాప్డ్ అయింది. ఇంకా, యూడీపీ స్కాన్ కూడా మొదలుపెట్టాను, ఎంతకీ కదలడం లేదు.

జవాబు (సెక్యూరిటీ టెస్టింగ్ ఉద్యోగి)

1524 వరుసను చూశారు కదా. కనెక్ట్ కాగానే రూట్ ప్రాంప్ట్ ఎదురొచ్చింది, ఎన్‌మ్యాప్ దాన్నే గుర్తుపట్టింది. చొరబడినవాళ్లు మళ్లీ రావడానికి దారి వదులుకునే పోర్టుగా 1524కు పాత రోజుల నుంచీ పేరుంది.

టీసీపీర్యాప్డ్ అంటే కనెక్షన్ పూర్తిగా కుదిరింది, కానీ ఒక్క అక్షరమైనా పలకకుండా అవతలివాళ్లు తెంచేశారు. 514లో ఉన్నది దూరం నుంచి ఆదేశాలు నడిపే పాత ఆర్‌ఎస్‌హెచ్ సేవ. ఆ సేవ ముందుగా చూసేది మీరు ఏ పోర్టు నుంచి వచ్చారన్నది. 512 నుంచి 1023 లోపు పోర్టు నుంచి వస్తేనే మాట్లాడుతుంది, ఎందుకంటే యూనిక్స్‌లో 1024 కంటే తక్కువ పోర్టును రూట్ మాత్రమే తీసుకోగలదు. ఒకప్పుడు దాన్నే నమ్మకానికి గుర్తుగా ఎంచారు. ఎన్‌మ్యాప్ వెర్షన్ అడిగేటప్పుడు పెద్ద సంఖ్య పోర్టు నుంచి వెళ్తుంది, కాబట్టి తలుపు మూసేసింది. కాలీలో ఆర్‌ఎస్‌హెచ్-క్లయింట్ ప్యాకేజీ వేసుకుని రూట్‌గా ప్రయత్నించండి. 513లోని ఆర్‌లాగిన్ కూడా అదే కుటుంబం. ఈ మెషీన్‌లో, ఎవరిని పాస్‌వర్డ్ లేకుండా రానివ్వాలో రాసే ఆర్‌హోస్ట్స్ ఫైలులో రెండు ప్లస్ గుర్తులు పెట్టి ఉంచారు, అంటే ఏ కంప్యూటర్ నుంచి ఎవరు వచ్చినా రానిస్తుంది.

యూడీపీని ఆపేయండి. మూసిన యూడీపీ పోర్టు ఐసీఎంపీ సందేశంతో జవాబిస్తుంది, లినక్స్ ఆ సందేశాలను సెకనుకు సుమారు ఒకటికి పరిమితం చేస్తుంది. మొత్తం పోర్టులు చూడాలంటే 18 గంటలు దాటుతుంది. --టాప్-పోర్ట్స్ 100 అని ఇచ్చి మళ్లీ నడపండి. 53, 111, 137 తెరిచి ఉన్నట్టు వస్తాయి. 69 (టీఎఫ్‌టీపీ పోర్టు) దగ్గర ఓపెన్ లేదా ఫిల్టర్డ్ అని రెండూ కలిపి వస్తుంది: జవాబు రాలేదు కాబట్టి ఏదో ఒకటి తేల్చలేకపోయింది. నోట్సులో దాన్ని తెరిచి ఉందని రాయకండి, వచ్చింది వచ్చినట్టే రాయండి. తరువాత టీఎఫ్‌టీపీ క్లయింట్‌తో నేరుగా అడిగి చూడండి.