ఫీల్డు పోస్టింగులో ఉన్న తండ్రి పాప కస్టడీ అడగడం న్యాయమేనా?

గిద్దలూరు జవాను
అందరికీ నమస్కారం. మాది గిద్దలూరు దగ్గర పల్లె. ఆర్మీలో హవల్దారుని, పదమూడేళ్ల సర్వీసు. ఇప్పుడు జమ్మూ కాశ్మీర్‌లో ఫీల్డులో, అంటే కుటుంబాన్ని తెచ్చుకోవడానికి వీల్లేని డ్యూటీలో ఉన్నాను. నిరుడు ఇద్దరం ఒప్పుకునే విడాకులు తీసుకున్నాం. పాపకు ఏడేళ్లు, రెండో తరగతి. నెల్లూరులో వాళ్లమ్మ దగ్గర, అమ్మమ్మ ఇంట్లో ఉంటుంది. నేను లీవులో వచ్చినప్పుడు పాపను పంపాలని కాగితంలో రాసుకున్నాం కానీ ఎన్ని రోజులో, ఎట్లా పంపాలో రాసుకోలేదు. అక్కడే దెబ్బతిన్నాను. పోయిన లీవులో నలభై రోజులుంటే పాపను చూసింది నాలుగుసార్లు, అదీ వాళ్ల వరండాలో కూర్చుని.

ఇక కస్టడీకే పిటిషన్ వేద్దామనుకుంటున్నాను. నేను వచ్చేదాకా మా అమ్మ చూసుకుంటుంది. ఏడాదిన్నరలో పీస్ స్టేషన్, అంటే కుటుంబంతో ఉండగలిగే చోటు, రావచ్చు. అప్పుడు క్వార్టర్ తీసుకుని పాపను కేంద్రీయ విద్యాలయంలో చేర్పిస్తాను. ఊళ్లో సగం మంది వెయ్యమంటున్నారు. మిగతావాళ్లు "బార్డర్‌లో ఉండేవాడికి బిడ్డ ఎందుకురా" అంటున్నారు. మీరేమంటారు?

ఉదయగిరి సుబేదార్, రిటైర్డ్
వెయ్యి నాయనా. బార్డర్‌లో ఉన్నంత మాత్రాన తండ్రి కాకుండా పోతాడా? జెండా పండగ రోజు పిలిచి శాలువా కప్పుతారు. బిడ్డ సంగతి వచ్చేసరికి "వీడు ఇంటి దగ్గర ఉండడు" అని ఒక్క మాటతో తేల్చేస్తే ఎట్లా?

వాయిదాలకు రాలేనని భయపడొద్దు. 1950 ఆర్మీ చట్టంలో 32వ సెక్షన్ చదువు. కేసు కోసం లీవు ఇచ్చారనో, లీవు పెట్టుకున్నావనో యూనిట్ సర్టిఫికెట్ తెచ్చి కోర్టును అడిగితే, వీలైనంత వరకు ఆ లీవు లోపలే విచారణ ముగిసేట్టు కోర్టు చూడాలి. చాలామంది జవాన్లకు ఈ సంగతే తెలీదు. లీవే దొరకలేదనుకో, సివిల్ కేసుల విధానం చెప్పే సీపీసీలో 28వ ఆర్డర్ ఉంది. నీ బదులు కేసు నడిపే మనిషికి, మీ అన్నకో తమ్ముడికో, సీఓ (కమాండింగ్ ఆఫీసర్) ఎదుట సంతకం పెట్టి అధికారం రాసివ్వొచ్చు.

కావలి టీచర్
సుబేదార్ గారూ, మీ మీద గౌరవం ఉంచుకునే చెబుతున్నాను. నేనూ జవాను కూతురినే. నాకు ఆరేళ్లప్పుడు అమ్మ పోయింది. నాన్న నన్ను నాయనమ్మ దగ్గర వదిలి డ్యూటీకి వెళ్లాడు. ఆయన నల్ల ట్రంకుపెట్టె గుమ్మంలో దిగిందంటే ఇంట్లో పండగే. మూడో రోజుకల్లా ఆయనతో ఏం మాట్లాడాలో నాకు తెలిసేది కాదు. "ఏ క్లాసు" అని అడిగేవాడు, చెప్పేదాన్ని. మళ్లీ అదే అడిగేవాడు. పాపం ఆయనకూ తెలిసేది కాదు.

నాయనమ్మ ప్రేమలో లోటు లేదు. జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ మార్చేది. కానీ ఆమెకు అరవై దాటాయి, నా పుస్తకం చదవలేదు, నాకు వచ్చే భయాలు ఆమెకు అర్థమయ్యేవి కావు. నాకైతే తల్లి లేదు కాబట్టి వేరే దారి లేదు. మీ పాపకు తల్లి ఉంది కదా బాబూ. కస్టడీ మీరు అడుగుతున్నారు, వస్తే పాపకు దక్కేది మాత్రం నాయనమ్మ. ఏడాదిన్నర తర్వాత మళ్లీ ఇల్లు, మళ్లీ కొత్త బడి. రెండేళ్లకో మూడేళ్లకో ఇంకో పోస్టింగు వస్తే మళ్లీ మొదటికే. ఇది మీ తప్పని అనడం లేదు. మీ ఉద్యోగం అట్లాంటిది.

నెల్లూరు వకీలు
ముందు ఒక విషయం. పిటిషన్ మీ ఊరివైపు కోర్టులో వేస్తే నిలవదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం బిడ్డ మామూలుగా ఎక్కడ ఉంటుందో అక్కడి కోర్టుకే అధికారం. అంటే నెల్లూరులోనే వెయ్యాలి.

1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం ఐదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలంటుంది. మీ పాప ఆ వయసు దాటింది కాబట్టి అడిగే హక్కు మీకుంది. కానీ అదే చట్టంలోని 13వ సెక్షన్ దగ్గరికి వచ్చేసరికి తండ్రి దేశసేవ, తల్లి కష్టం రెండూ వెనక్కి పోతాయి. అక్కడ చూసేది బిడ్డ క్షేమం ఒక్కటే. ఇప్పుడున్న పరిస్థితిలో పూర్తి కస్టడీ దొరకడం కష్టమని నా అభిప్రాయం.

మీరు గట్టిగా అడగాల్సింది వేరే ఉంది. 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, ప్రత్యేక కారణాలుంటే తప్ప, కస్టడీ లేని తల్లికి గానీ తండ్రికి గానీ రోజూ ఐదు నుంచి పది నిమిషాలు బిడ్డతో మాట్లాడే హక్కు ఉండాలి. వేర్వేరు రాష్ట్రాల్లో ఉండే తల్లిదండ్రుల విషయంలో వీడియో కాల్‌ను ప్రత్యేకంగా ప్రస్తావించింది. ఇంకోటి, కస్టడీ ఉత్తర్వు శాశ్వతం కాదు. పరిస్థితి మారితే మళ్లీ కోర్టుకు రావచ్చు. పీస్ పోస్టింగ్ మీకు అట్లాంటి మార్పే.

గిద్దలూరు జవాను
టీచరమ్మా, మీ మాట రెండుసార్లు చదివాను. కాదనలేను. కానీ నా సంగతి కూడా వినండి. మా పోస్టులో సిగ్నల్ ఒక్కచోటే వస్తుంది. సాయంత్రం అందరం వరసలో నిలబడతాం. నా వంతు వచ్చి ఫోన్ చేస్తే "పడుకుంది" అంటారు. ఏడున్నరకే పడుకుందంటే నమ్మాలా? నాలుగు నెలల్లో పాప గొంతు విన్నది ఆరుసార్లు. కస్టడీ అన్న మాట కోపంలో పుట్టిందేమో. కానీ నేను అడక్కుండా ఊరుకుంటే, రేపు పెద్దయ్యాక "నాన్నా, నువ్వు నన్ను ఒక్కసారైనా అడిగావా" అంటే ఏం చెప్పను?

ఒంగోలు అమ్మ
తమ్ముడూ, నేను అటువైపు మనిషిని. మా ఆయనా ఫౌజీయే, విడిపోయాం. మూడేళ్ల కిందట సంక్రాంతికి నాన్న వస్తున్నాడని మా వాడు పొద్దున్నే తలంటుకుని కొత్త చొక్కా వేసుకుని గేటు దగ్గర కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నం కూడా అక్కడికే తెచ్చిపెట్టమన్నాడు. లీవు రద్దయింది. ఆయన తప్పు లేదు, ఒప్పుకుంటాను. రాత్రి తొమ్మిదికి ఆ చొక్కాతోనే నిద్రపోతే ఎత్తుకుని లోపలికి తెచ్చింది నేను. అప్పటినుంచి ఆయన రైలు దిగేదాకా వాడికి చెప్పడం మానేశాను. వాళ్లవైపు వాళ్లకు అది బిడ్డను దాచిపెట్టినట్టు కనిపించింది.

మీ పాప వాళ్లమ్మ మనసులో ఏముందో నాకు తెలియదు. కస్టడీ నోటీసు ఇంటికి వెళితే మాత్రం ఆ వరండా కూడా మూసుకుపోతుంది.

డల్లాస్‌లో ఆత్మకూరువాణ్ని
మా అక్క కొడుకు ఇక్కడ యూఎస్ ఆర్మీలో ఉన్నాడు కాబట్టి కొంత తెలుసు. ఇక్కడ 2003 నాటి సర్వీస్‌మెంబర్స్ సివిల్ రిలీఫ్ చట్టానికి తర్వాత ఒక సెక్షన్ కలిపారు. సైనికుడు దూరపు డ్యూటీకి, అంటే డిప్లాయ్‌మెంటుకు వెళ్లాడన్న ఒక్క కారణంతో కోర్టు తాత్కాలిక కస్టడీ ఉత్తర్వు ఇస్తే, ఆ డిప్లాయ్‌మెంటు అవసరాన్ని మించి అది నడవకూడదు. శాశ్వతంగా మార్చమని ఎవరైనా అడిగినా, డ్యూటీ వల్ల దూరంగా ఉండటాన్ని ఒక్కదాన్నే కారణంగా చూపి తేల్చకూడదు. ఒంటరిగా బిడ్డను పెంచే సైనికుడైతే తాను లేనప్పుడు బిడ్డను ఎవరు చూస్తారో ముందే యూనిట్‌కు రాసి ఇవ్వాలి, దాన్ని ఫ్యామిలీ కేర్ ప్లాన్ అంటారు.

ఉదయగిరి సుబేదార్, రిటైర్డ్
ఈ ముక్క మన చట్టంలోనూ స్పష్టంగా రాయాలి. నేను అడిగేది అదే.

కావలి టీచర్
రాయాలి, నేనూ అంటాను. పోస్టింగ్ ఒక్కటే చూపి తండ్రిని పక్కన పెట్టడం తప్పే. కానీ ఈ పాప విషయంలో అదొక్కటే కాదు కదా. పుట్టినప్పటినుంచి తల్లి పక్కన పడుకునే బిడ్డ. ఆ అలవాటుకు కూడా విలువ ఉంది.

నెల్లూరు వకీలు
కాగితంలో ఏం రాయించుకోవాలో చెబుతాను. జవానుకు ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవు, 30 రోజుల క్యాజువల్ లీవు ఉంటాయి. అవి ఎప్పుడొస్తాయో ముందే తెలియదు కాబట్టి తేదీలు రాయకండి. "లీవు మంజూరైన రోజే తల్లికి తెలపాలి, బడి సెలవులుంటే లీవులో సగం రోజులు పాప తండ్రి దగ్గర, బడి ఉంటే శని ఆదివారాలు, లీవు రద్దయితే వచ్చే లీవులో ఆ రోజులు కలపాలి" అని రాయించండి. కాల్‌కు గంట పెట్టించండి. పీస్ స్టేషన్ వచ్చాక కస్టడీ మళ్లీ అడిగే హక్కు ఉంచుకున్నట్టు ఒక వాక్యం. ముందు మధ్యవర్తి రాజీ కుదిర్చే మీడియేషన్‌కు వెళ్లండి. అక్కడ కుదరకపోతే ఇదే పిటిషన్‌గా వేద్దాం.

గిద్దలూరు జవాను
సరే సార్. కస్టడీ పిటిషన్ ఇప్పుడు వెయ్యను. సుబేదార్ సాబ్‌కు ఇది నచ్చదని తెలుసు, క్షమించండి. లీవు సర్టిఫికెట్ మాత్రం మీరు చెప్పినట్టే తెచ్చుకుంటాను. రేపు నా వంతు వచ్చినప్పుడు పాపను పిలవమనకుండా ముందు వాళ్లమ్మతోనే మాట్లాడతాను. విడాకులయ్యాక మేమిద్దరం నేరుగా మాట్లాడుకున్నది లేదు, అంతా పెద్దల ద్వారానే. కాల్‌కు ఎనిమిది అని రాయించనా? ఇక్కడ సిగ్నల్ అప్పుడే బాగుంటుంది.

ఉదయగిరి సుబేదార్, రిటైర్డ్
నేనైతే ఇప్పుడే వేసేవాణ్ని. నీ ఇష్టం నాయనా.

ఒంగోలు అమ్మ
ఎనిమిదంటే నిద్ర వేళ తమ్ముడూ, మా వాడు ఆ వయసులో అప్పటికే తూగేవాడు. ఏడని అడుగు. నీ వంతు ముందుకు మార్చమని అక్కడి వాళ్లకు చెప్పుకో.