ఆదోనికి ట్రాన్స్‌ఫర్ అయింది, ఉగ్గాని బజ్జీ సంగతులు చెప్పండి

సిక్కోలోడు:
అందరికీ నమస్తే. మాది శ్రీకాకుళం, వచ్చే నెల ఆదోనిలో జాయిన్ అవ్వాలి. ఆర్డరు చేతికొచ్చినప్పటి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్, ఆ ఎండలు ఎలా తట్టుకుంటావు, సంక్రాంతికి టికెట్లు దొరుకుతాయా, అంత దూరం ఎందుకు వేశారు అని. పైకి నేనూ వాళ్లతో పాటు నిట్టూరుస్తున్నాను గానీ లోపల ధ్యాసంతా ఉగ్గాని బజ్జీ మీదే ఉంది. ఇదివరకు మా ఆఫీసులో కర్నూలు ఆయన ఒకరు ఇంటికి పిలిచి టిఫిన్‌కి అదే పెట్టారు. మా వైపు మరమరాలంటే విశాఖ బీచ్‌లో పొట్లం కట్టిచ్చే మురీ మిక్చర్, లేదంటే బెల్లంపాకంలో ఉండలు, అంతే. వాటిని నీళ్లలో తడిపి పొద్దున్నే టిఫిన్ చేస్తారని అప్పటిదాకా నాకు తెలీదు. తడిపినవి కదా, ముద్దైపోతాయేమో అనుకుంటే మెత్తగా ఉంటూనే విడివిడిగా ఉన్నాయి, మధ్యమధ్యలో పప్పుల పొడి తగులుతోంది, పక్కన వేడి వేడి మిరపకాయ బజ్జీ! ఆ తర్వాత హైదరాబాద్‌లో ఒక హోటల్ బోర్డు మీద పేరు చూసి ఆశగా వెళ్తే పసుపు నీళ్లలో నానేసిన అట్టముక్కల్లా ఉంది.

కాబట్టి ఆ వైపు వాళ్లు చెప్పండి. ఎన్నింటికి వెళ్లాలి, హోటళ్లా బండ్లా, రోజూ తింటే కడుపు ఊరుకుంటుందా? ఫ్యామిలీ వచ్చేదాకా ఒక్కణ్ణే ఉంటాను, వంట రాదు.

ఆదోని అబ్బాయి:
రా అన్నా, సరైన ఊరికే వేశారు. ముందొక మాట, పెద్ద హోటళ్ల చుట్టూ తిరగొద్దు, ఉగ్గాని బండి దగ్గర తినాల్సిందే. పత్తి సీజన్‌లో మార్కెట్ యార్డుకి రైతులు తెల్లారకముందే దిగుతారు, వాళ్ల కోసం ఆ చుట్టుపక్కల పొద్దున్నే పొయ్యి వెలిగిస్తారు. నువ్వు ఎనిమిదిలోపు వెళ్లు. తొమ్మిదిన్నర దాటితే గిన్నె అడుగున మిగిలింది, చల్లారిన బజ్జీ, అవే దొరుకుతాయి. బండి ఎలా ఎంచుకోవాలంటే ఉగ్గాని గిన్నె వైపు కాదు, బజ్జీల మూకుడు వైపు చూడు. వేసేసి కుప్ప పోసుంటే ఆ బండి దాటి పో. కొందరు సగం వేయించి పెట్టుకుని, మనిషి వచ్చాక మళ్లీ నూనెలో వేసి ఇస్తారు, అది పర్వాలేదు, ఇంకా కరకరలాడుతుంది కూడా. తినేటప్పుడు ఇది ఒకసారి అది ఒకసారి కాదు, బజ్జీ తుంచి ఉగ్గానితో కలిపి ఒకేసారి నోట్లో పెట్టుకోవాలి. బజ్జీ మిరపకాయ లావుది, దాని కారం ఏమంత ఉండదు. మంటంతా ఉగ్గానిలో వేసే పచ్చిమిర్చిది.

పార్సిల్ మాత్రం కట్టించుకోవద్దు. కవర్లో ఆవిరికి బజ్జీ మెత్తబడిపోతుంది, ఉగ్గాని చెమ్మ పట్టేస్తుంది.

అనంతపురం ఆడపడుచు:
బండి ఉగ్గాని బాగుంటుంది, కాదనను, కానీ ఇంట్లో చేసిన దాని ముందు దిగదుడుపే. వంట రాదన్నారు, దీనికి పెద్దగా రానక్కర్లేదు అండి. పుట్నాల పప్పు, ఎండుకొబ్బరి, రెండు వెల్లుల్లి రెబ్బలు, కాస్త కారం వేసి ముందే పొడి కొట్టి డబ్బాలో పెట్టుకోండి. నలుగురికి 200 గ్రాముల బొరుగులు (మీ మరమరాలే) సరిపోతాయి, చూడ్డానికి చాలా కనిపిస్తాయి గానీ తడిస్తే దిగిపోతాయి. వేరుశనగ నూనెలో ఆవాలు, కరివేపాకు, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, పసుపు వేసి పోపు పూర్తిగా మగ్గాకే బొరుగులు తడపాలి. అందరూ ఇక్కడే తొందరపడి ముందే నానబెట్టేస్తారు. నీళ్లలో ముంచడం, గుప్పిళ్లతో గట్టిగా పిండడం, పోపులో వేయడం, అంతే, నానుతూ ఉంచకూడదు. ఉప్పు చివర్లో రుచి చూసి వేయండి, ఎందుకంటే బొరుగులు చేసేటప్పుడే బియ్యానికి ఉప్పు పట్టిస్తారు. స్టవ్ ఆపాక పొడి చల్లి కలిపి, నిమ్మకాయ పిండుకుని తినేయడమే. టమాటా వేసేవాళ్లూ ఉన్నారు, మా ఇంట్లో ఒప్పుకోరు, ఆ నీటికి బొరుగులు పాడవుతాయి.

కడుపు సంగతి అడిగారు కదా. ఉగ్గాని రోజూ తినొచ్చు, తేలికే. బజ్జీలే ఎండాకాలంలో తగ్గించుకోండి, 40 డిగ్రీలు దాటిన రోజున పొద్దున్నే శనగపిండి, నూనె అంటే మధ్యాహ్నానికి మీకే తెలుస్తుంది.

గుంతకల్లు జంక్షన్:
టమాటా లేని ఉగ్గానిని మేం ఉగ్గాని అనం 😀 బాగా మగ్గించి నీరు ఇగిరిపోయాక బొరుగులు వేస్తే ఏమీ కాదు, ఆ పులుపు ఉంటే నిమ్మకాయ పనే లేదు. అన్నా, ఏదైనా ఆదివారం బళ్లారి కూడా వెళ్లు, అక్కడ ఒగ్గరణె, మిర్చి అని ఇదే పెడతారు. ఎవరిది బాగుంటుందో నేను చెప్పను, ఊళ్లో తిరగాలి కదా.

సిక్కోలోడు:
అందరికీ థాంక్స్. ఇదంతా చదివి వినిపిస్తే మా ఆవిడ ఆదివారం ఇక్కడి మరమరాలతోనే చేస్తానంటోంది. ఇవి బాగా పల్చగా ఉంటాయి, నిలుస్తాయా? పిల్లలు కారం అసలు తినరు, వాళ్లకెలా?

అనంతపురం ఆడపడుచు:
పల్చటివైతే ముంచకండి, చిల్లుల గిన్నెలో పోసి పైన నీళ్లు చల్లి వెంటనే దులిపేయండి, పిండక్కర్లేదు. పిల్లలకి పచ్చిమిర్చి ముక్కలు పెద్దగా వేసి తర్వాత ఏరేస్తే సరి, బజ్జీ అరటికాయతో వేసి పెట్టమనండి. ఆదోని వచ్చాక మాత్రం ప్యాకెట్లు కొనకుండా బొరుగుల బట్టీ ఎక్కడుందో కనుక్కోండి, అప్పటికప్పుడు వేయించినవి తెచ్చుకుంటే పిండినా విరగవు.

ఆదోని అబ్బాయి:
జాయినింగ్ రోజు పొద్దున్నే బస్సు దిగి సూట్‌కేసుతో నేరుగా ఆఫీసుకి పరిగెత్తేలా పెట్టుకోవద్దన్నా, ముందు రోజు రాత్రికే ఊళ్లో ఉండు. ఏడింటికి బండి, పదింటికి రిపోర్టింగ్.