గర్భసంచి తీసేశాక అక్క దిగులు తగ్గట్లేదు. ఏం చెయ్యాలి?

కృష్ణ ఒడ్డు:
మా అక్కకి 41. ఫైబ్రాయిడ్ల (గర్భసంచిలో గడ్డల) వల్ల బ్లీడింగ్ ఎక్కువై, హిమోగ్లోబిన్ 7కి పడిపోతే గర్భసంచి తీసేశారు. అయిదు వారాలైంది. కుట్లు మానాయి, తిరుగుతోంది. మనసే కుదుటపడట్లేదు. చిన్నమాటకే ఏడుపు, రాత్రి రెండింటికి చెమటలు పట్టి లేచి కూర్చోవడం. "లోపలంతా డొల్లయిపోయింది" అంటుంది. బావగారేమో "ఆపరేషన్ బాగానే అయిందిగా, ఇంకెందుకు ఏడుపు" అంటారు. అత్తగారు చీము పడుతుందని పప్పూ గుడ్డూ పెట్టనివ్వట్లేదు. ఇది మామూలేనా? ఎన్నాళ్లుంటుంది? మందులేమైనా వాడాలా?

రాత్రి డ్యూటీ:
ముందు డిశ్చార్జ్ సమ్మరీ తీసి చూడు చెల్లెమ్మా. మందుల సంగతి తర్వాత. చూడాల్సింది ఒక్కటే: అండాశయాలు ఉంచారా, తీసేశారా?

సమ్మరీలో "టీఏహెచ్" అని ఉంటే పొట్ట కోసి గర్భసంచి తీశారని, "టీఎల్‌హెచ్" అని ఉంటే లాప్రోస్కోపీలో తీశారని. దాని పక్కన "బీఎస్‌ఓ" అని ఉంటే రెండు ట్యూబులూ రెండు అండాశయాలూ పోయినట్టు. "సాల్పింజెక్టమీ" అని మాత్రమే ఉంటే ట్యూబులే తీశారు, అండాశయాలు లోపలే ఉన్నాయి. సందేహంగా ఉంటే బయాప్సీ రిపోర్ట్ చూడు. ల్యాబుకి ఏ భాగాలు పంపారో అందులో ఒక్కొక్కటిగా రాస్తారు. మనవైపు చాలామందికి "గర్భసంచి తీసేశాం" అన్న మాట తప్ప ఇంకేమీ చెప్పరు, అడిగేవాళ్లూ తక్కువే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఈ ఆపరేషన్ అయినవాళ్లు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం, ఆంధ్రాలో 9, తెలంగాణలో 8. ఇంతమందికి చేస్తున్నచోట ఆ మూడక్షరాల తేడా వివరించకపోవడం అన్యాయం.

అండాశయాలు పోతే వాటిలో తయారయ్యే ఈస్ట్రోజన్ హార్మోన్ మెల్లగా కాదు, ఒక్కసారిగా పడిపోతుంది. వేడి ఆవిర్లు, నిద్ర తెగిపోవడం, చిరాకు, ఏడుపు కొద్దిరోజుల్లోనే మొదలవుతాయి. ఇది మనసు బలహీనత కాదు. అండాశయాలు ఉంటే కథ వేరు. ముట్టు రాదు గానీ లోపల నెలసరి చక్రం నడుస్తూనే ఉంటుంది. రొమ్ముల్లో సలుపు, కోపం, దిగులు నెలకోసారి వచ్చి పోతాయి. రక్తం కనపడదు కాబట్టి "ఉన్నట్టుండి ఏమైందో" అనుకుంటారు. దీనికో నోటుబుక్కు చాలు. తేదీ, ఎన్ని గంటలు పడుకుంది, చెమటలు ఎన్నిసార్లు, దిగులు పదికి ఎంత అని నాలుగు గళ్లు గీసి రెండు నెలలు రాయండి. చెడ్డరోజులు సుమారు నాలుగు వారాలకోసారి గుంపుగా వస్తున్నాయా, రోజూ ఒకేలా ఉన్నాయా అన్నది అందులోనే కనపడుతుంది. డాక్టర్‌కి ఆ పేజీ చూపిస్తే సగం ప్రశ్నలు తగ్గుతాయి.

ఇంకొకటి మర్చిపోవద్దు. హిమోగ్లోబిన్ 7 ఉన్న మనిషికి ఆపరేషన్ అయింది. రక్తం తక్కువైతే నీరసం, ఆయాసం, ఏ పనిమీదా ధ్యాస లేకపోవడం ఉంటాయి, చూసేవాళ్లకి అది అచ్చం దిగులులాగే ఉంటుంది. ఆరోవారం చెకప్‌లో హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12 చేయించండి. ఐరన్ మాత్ర నిమ్మరసంతో వేసుకోవాలి. టీ, పాలు, కాల్షియం మాత్ర రెండు గంటల ఎడంలో ఉండాలి, లేకపోతే ఐరన్ ఒంటికి పట్టదు. హిమోగ్లోబిన్ మామూలుకి వచ్చాక కూడా నిల్వల కోసం ఇంకో మూడు నెలలు వాడిస్తారు. మధ్యలో ఆపేసి "మందు పనిచెయ్యలేదు" అనేవాళ్లే ఎక్కువ.

పథ్యం సంగతి: పప్పు వల్ల చీము పట్టదు. కుట్టు మానడానికి కావాల్సిందే మాంసకృత్తులు. పప్పు, గుడ్డు, పెరుగు, చేప అన్నీ పెట్టొచ్చు. అత్తగారితో వాదించొద్దు, చెకప్‌కి ఆవిణ్ణి కూడా తీసుకెళ్లి డాక్టర్ నోటితోనే చెప్పించండి.

కృష్ణ ఒడ్డు:
చూశానక్కా. "టీఏహెచ్ విత్ బీఎస్‌ఓ" అనే ఉంది. మాకెవరూ చెప్పలేదు. బయాప్సీలో ఫైబ్రాయిడ్లే, క్యాన్సర్ లేదు.

గైనిక్ ఓపీ:
అయితే ఆ చెమటలూ నిద్రలేమీ చాలావరకు హార్మోన్ పడిపోవడం వల్లే అయ్యుండొచ్చు. 41లో రెండు అండాశయాలూ పోతే "తట్టుకో, అదే సర్దుకుంటుంది" అనడం సరైన సలహా కాదు. ఎముకలకీ గుండెకీ కూడా ఈస్ట్రోజన్ అండ ఉండాల్సిన వయసది. అడ్డంకులు లేకపోతే సహజంగా ముట్లు ఆగే వయసు దాకా, అంటే 50 దరిదాపుల వరకు, హార్మోన్ చికిత్స ఇవ్వడమే మామూలు పద్ధతి. గర్భసంచి లేదు కాబట్టి ఈస్ట్రోజన్ ఒక్కటే చాలు. ప్రొజెస్టిరాన్ కలిపేది గర్భసంచి పొరను కాపాడటానికి. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి పొరలాంటిది బయట పెరిగే జబ్బు) ఉన్నవాళ్ల సంగతి వేరు, అప్పుడు కలపాలా వద్దా డాక్టర్ ఆలోచిస్తారు.

చర్మానికి రాసే జెల్, అంటించే ప్యాచ్ ఉన్నాయి. మాత్రలకన్నా వీటితో రక్తం గడ్డకట్టే ముప్పు తక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకి, కాళ్లలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ గడ్డ కట్టినవాళ్లకి, కాలేయ జబ్బున్నవాళ్లకి సాధారణంగా ఇవ్వరు. ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ ఉంటే అది కూడా తప్పక చెప్పండి. హార్మోన్ కుదరనివాళ్లకి వెన్లఫాక్సిన్ లాంటి డిప్రెషన్ మందులు ఆవిర్లనీ దిగులునీ రెంటినీ తగ్గిస్తాయి. రొమ్ము క్యాన్సర్‌కి టామోక్సిఫెన్ మందు వాడుతున్నవాళ్లు మాత్రం వీటిలోనే పరోక్సెటిన్, ఫ్లూయోక్సెటిన్ వేసుకోకూడదు, అవి టామోక్సిఫెన్ పని తగ్గిస్తాయి.

మెడికల్ షాపులో అడిగి ఆల్ప్రాజొలాం నిద్రమాత్ర తెచ్చుకోవడం మన దగ్గర మామూలైపోయింది. దయచేసి వద్దు. వారాల్లోనే అలవాటు పడుతుంది, ఆపితే నిద్ర ముందుకన్నా అధ్వాన్నమవుతుంది. సాయంత్రం నాలుగు తర్వాత టీ కాఫీ మానేసి, పలచటి నూలు నైటీ, ఫ్యాను, పక్కనే మంచినీళ్లు పెట్టుకున్నా తేడా తెలుస్తుంది.

మాటల మూట:
హార్మోన్ గురించి పైన చెప్పినది నిజమే, కానీ అంతా హార్మోన్ మీదకే తోసెయ్యకండి. అండాశయాలు పదిలంగా ఉన్నవాళ్లూ ఏడుస్తారు. పిల్లలు లేనివాళ్లు, ఇంకొకరు కావాలనుకున్నవాళ్లు, కాన్పులో రక్తం ఆగక ప్రాణం దక్కించుకోవడానికి ఉన్నట్టుండి తీయించుకోవాల్సి వచ్చినవాళ్లు, ముందునుంచే డిప్రెషన్ ఉన్నవాళ్లు ఎక్కువ కుంగిపోతారు. బ్లీడింగ్‌తో వేగిపోయి తీయించుకున్నవాళ్లలో ఎక్కువమందికి కొన్నాళ్లకి మనసు తేలికపడుతుంది. హాయీ దుఃఖమూ ఒకే రోజు కలిసి రావడం కూడా మామూలే. ఆ హాయిని బయటకి చెప్పుకోవడానికి సిగ్గుపడేవాళ్లున్నారు, వాళ్లనీ తప్పుపట్టొద్దు.

"డొల్ల" అన్నప్పుడు "అలా ఏం లేదు" అని కొట్టిపారెయ్యకండి. లోపల ఖాళీ మిగలదు, పేగులు కిందికి సర్దుకుని ఆ చోటు నిండుతుంది. కాగితం మీద బొమ్మ గీసి చూపిస్తే ఆ భయం చాలామందిలో తగ్గుతుంది. భయం పోయాక మిగిలేది బెంగ. దానికి జవాబు చెప్పక్కర్లేదు, పక్కన కూర్చుని వింటే చాలు. బావగారికి "ఇంకెందుకు ఏడుపు" బదులు "ఇవాళ రాత్రి నిద్ర పట్టిందా, నేనేం చెయ్యను" అనే రెండు మాటలు నేర్పండి. చూడ్డానికొచ్చి "అయ్యో, ఇంత చిన్న వయసులోనే!" అనేవాళ్లు ఎలాగూ వస్తారు. అప్పుడు "అక్క పడుకుంది" అని గుమ్మంలోనే చెప్పే మనిషొకరు ఇంట్లో ఉండాలి. ఆ పని మీరు చెయ్యండి.

రోజుకి రెండు చిన్న పనులు టైము పెట్టి చేయించండి. ఉదయం ఎండలో పది నిమిషాల నడక, రోజుకో నిమిషం పెంచుకుంటూ అరగంట దాకా. సాయంత్రం తనకి ఇష్టమైన కూర్చుని చేసే పని ఏదైనా. బుద్ధి పుట్టాక చేద్దామని చూస్తే బుద్ధి పుట్టదు. చేస్తూ ఉంటే మెల్లగా పుడుతుంది.

రెండు వారాలుగా రోజూ రోజంతా దిగులు, ఏ పనిమీదా ఇష్టం లేకపోవడం, తిండి మానెయ్యడం ఉంటే సైకియాట్రిస్టుకి చూపించాలి. పీహెచ్‌క్యూ-9 అని దిగులు ఎంతుందో కొలిచే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఉంటుంది. 27కి 10 గానీ అంతకు మించి గానీ వస్తే ఆలస్యం చెయ్యొద్దు. ఆఖరి ప్రశ్న చచ్చిపోవాలనే ఆలోచన గురించి. దానికి సున్నా తప్ప ఏ జవాబొచ్చినా, మొత్తం మార్కులు ఎన్నున్నా, ఆ రోజే చూపించాలి. నోటితో సూటిగా అడగండి, అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. డిప్రెషన్ మందులు పనిచెయ్యడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పది రోజులకే ఆపేస్తే లాభం లేదు.

కృష్ణ ఒడ్డు:
ఇంకో మాట. అడగడానికి మొహమాటంగా ఉంది. బావగారు దూరంగా ఉంటున్నారని కూడా అక్క బాధ. ఇంటిపని ఎప్పట్నుంచి చెయ్యొచ్చు?

రాత్రి డ్యూటీ:
మొహమాటం ఎందుకు, అందరికీ వచ్చే సందేహమే. యోని పైభాగంలో కుట్లు వేస్తారు, అవి గట్టిపడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. డాక్టర్ లోపల పరీక్ష చేసి సరే అన్నాకే కలవాలి. బావగారు భయంతో దూరం ఉంటే అక్క దాన్ని "నేనంటే ఇష్టం పోయింది" అనుకుంటుంది. అందుకే చెకప్‌లో ఈ మాట ఇద్దరి ముందూ డాక్టర్ చేత చెప్పించండి. పక్కన పడుకోవడానికీ చెయ్యి పట్టుకోవడానికీ ఏ రోజూ అడ్డులేదు. బీఎస్‌ఓ అయింది కాబట్టి పొడిబారి నొప్పి రావచ్చు. నీటి ఆధారిత జెల్ వాడొచ్చు, చాలకపోతే లోపల రాసే ఈస్ట్రోజన్ క్రీమ్ రాస్తారు.

బరువులు ఆరు వారాల దాకా నాలుగైదు కిలోలు మించొద్దు. నీళ్ల బిందె, గ్యాస్ బండ, బియ్యం మూట ముట్టుకోవద్దు. వంట చేసుకోవచ్చు, కూర్చుని కూరలు తరగొచ్చు. మలబద్ధకం ఉంటే ముక్కకుండా ముందే చెప్పి మందు రాయించుకోండి, ముక్కితే లోపలి కుట్ల మీద ఒత్తిడి.

100.4 డిగ్రీలు దాటిన జ్వరం, వాసనతో స్రావం, గంటలో ప్యాడ్ తడిసిపోయేంత రక్తం, ఒక కాలి పిక్క వాచి నొప్పి, తెలియకుండా మూత్రం కారడం: వీటిలో ఏది ఉన్నా చెకప్ తేదీ కోసం ఆగొద్దు.

గైనిక్ ఓపీ:
ఆరోవారం వెళ్లేటప్పుడు సమ్మరీ, బయాప్సీ రిపోర్ట్, ఆ నోటుబుక్కు పట్టుకెళ్లి మూడు అడగండి: హార్మోన్ మొదలుపెట్టొచ్చా, ఏ రూపంలో? ఎముకల సాంద్రత స్కాన్ ఎప్పుడు? మళ్లీ ఎన్ని వారాలకి చూపించాలి? హార్మోన్ మొదలుపెట్టి మూడు నెలలైనా చెమటలు తగ్గకపోతే మోతాదు మార్చాలి. చెమటలు తగ్గినా దిగులు అలాగే ఉంటే దానికి విడిగా చికిత్స కావాలి.