1.33 నుంచి స్కోప్‌కి తెరుచుకునే ఫ్రేమ్: థియేటర్‌కీ టీవీకీ ఒకే మాస్టర్ (తుది కాపీ) సరిపోతుందా?

షార్ట్ ఫిల్మ్, సెకనుకి 24 ఫ్రేములు, డీసీపీ (థియేటర్‌లో వేసే డిజిటల్ కాపీ) 2కే స్కోప్ (వెడల్పాటి ఫ్రేమ్, 2048×858). మొదటి సగం 1.33లో (వెడల్పు ఎత్తుకి 1.33 రెట్లు) ఉంది: మధ్యలో 1144×858 బొమ్మ, అటూ ఇటూ 452 పిక్సెళ్ల నలుపు.

ఫోన్ సీన్‌లో తెర రెండుగా చీలుతుంది. 1020 చొప్పున రెండు ప్యానెళ్లు, నడుమ 8 పిక్సెళ్ల గీత. ఎడమన తల్లి కుడివైపుకి, కుడిన కొడుకు ఎడమవైపుకి చూస్తారు, ఇంతవరకూ చక్కగా కుదిరింది. కాల్ కట్ కాగానే కొడుకు ప్యానెల్ తల్లి ముఖాన్ని తోసేస్తూ 48 ఫ్రేముల్లో తెరంతా ఆక్రమించాలి. సినిమాకి ప్రాణం ఆ షాటే.

గీత ఫ్రేముకి సగటున 21 పిక్సెళ్లు జరుగుతోంది. వెనక తెల్లగోడ ఉన్నచోట అంచు అదురుతోంది. ఈజ్ (మెల్లగా మొదలై మెల్లగా ఆగే కదలిక) పెడితే మధ్యలో వేగం పెరిగి అదురు ఎక్కువైంది. మోషన్ బ్లర్ ఇస్తే గీత మసకబారి తప్పులా కనిపిస్తోంది. 96 ఫ్రేములకి సాగదీయాలా, గ్రేడింగ్‌లో (రంగులు సరిచేసే దశలో) గోడని ముదురు చేయాలా?

అసలు బెంగ రెండోది. టీవీ 1920×1080లో స్కోప్ ఎత్తు సుమారు 804 మాత్రమే, కాబట్టి 1.33 బొమ్మ సుమారు 1072×804కి కుంచించుకుపోయి నాలుగు పక్కలా నలుపే. టీవీకి విడిగా 1440×1080తో మొదలుపెడితే, తెరుచుకునేటప్పుడు ఎత్తు తగ్గి, విశాలం కావాల్సిన చోట ఇరుకవుతుంది. 'మమ్మీ' (2014) సినిమాలో 1:1 నుంచి 1.85కి ఎత్తు మారదు కాబట్టి ఈ చిక్కు లేదు. స్కోప్ వదిలి 1.85కి దిగడం తప్ప దారి ఉందా?