చర్చ: ప్రింట్ చేసిన సూపర్ కెపాసిటర్ వచ్చాక చేతి బ్యాండ్‌లో బ్యాటరీ అక్కర్లేదా?

సోల్డర్_సూరి: గ్రాఫీన్ (ఒక్క పరమాణువు మందం కార్బన్ పొర), మాక్సీన్ (లోహం, కార్బన్ కలిసిన పలచటి పొరల పదార్థం) ఇంకుతో ప్లాస్టిక్ మీద ప్రింట్ కొడితే చాలు, బ్యాటరీతో పని లేదని తెగ రాస్తున్నారు. సూపర్ కెపాసిటర్ గబుక్కున చార్జ్ ఎక్కి గబుక్కున వదిలేస్తుంది, కానీ కిలోకి దాచేది 5–10 వాట్ అవర్లు. లిథియం అయాన్ 150 పైమాటే. ఇంక చర్చేముంది?

ఇంకు_పిల్ల: అన్నా, చేతి బ్యాండ్‌కి బరువు కాదు, చోటు లెక్క. 2014లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ వాళ్లు టైటానియం కార్బైడ్ మాక్సీన్‌ని బంకమట్టిలా చేసి, రోలర్‌తో ఒత్తారు. ఘన సెంటీమీటరుకి 900 ఫారడ్లు (చార్జ్ పట్టే సామర్థ్యానికి కొలత) వచ్చింది. అదే పదార్థాన్ని నీళ్లలో కలిపితే ఇంకు.

గోదారోడు: 900 అంటే ఫోన్ ఎన్ని రోజులొస్తుంది?

సోల్డర్_సూరి: ఒక్క రోజు కూడా రాదు. ఆ 900 ఎలక్ట్రోడ్ (చార్జ్ పట్టే పొర) ఒక్కదానిదే. రెండో ఎలక్ట్రోడ్, రెండిటి మధ్య చార్జ్ మోసే ఎలక్ట్రోలైట్, పైకవరు ఏవి? అద్దెకొచ్చినవాడికి హాలొక్కటే చూపించినట్టుంది. పలచటి ఫిల్మ్ అంకెలు నమ్మొద్దని అదే డ్రెక్సెల్ ప్రొఫెసర్ గొగొత్సీ 2011లో సైన్స్ పత్రికలో రాశాడు.

మురళి77: ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో సైంటిస్ట్ కోల్‌మన్ బృందం మిక్సీలో గ్రాఫైట్, అంట్లు తోమే లిక్విడ్ వేసి తిప్పి గ్రాఫీన్ తీసింది. మా ఇంట్లో మిక్సీ ఖాళీ.

సోల్డర్_సూరి: జోకులాపండి. మా అమ్మాయికి కొన్న బ్యాండ్ బ్యాటరీ 8 నెలలకే ఉబ్బింది. విప్పబోతే డిస్‌ప్లే చీలింది. కంపెనీవాడు కొత్తది కొనుక్కోమన్నాడు.

ఇంకు_పిల్ల: అది లిథియం సెల్ తప్పు, నా ఇంకుది కాదు! మూడేళ్లుగా ల్యాబ్‌లో ఈ మాక్సీన్ ఇంకుతోనే ఉన్నా. పండక్కి ఊరెళ్లి వచ్చేసరికి సీసాలో నల్లటి ఇంకు తెల్లబడింది, ఆక్సిజన్ తగిలి అంతా టైటానియం డయాక్సైడ్ అయిపోయింది. మళ్లీ మొదటి నుంచి. గాలి తగలకుండా ఆర్గాన్ గ్యాస్ నింపి ఫ్రిజ్‌లో పెట్టాలని ఒంటబట్టేసరికి సెమిస్టర్ పోయింది. మీరేమో 900 దగ్గరే కూర్చున్నారు. బ్యాటరీని తీసేయమని నేనెప్పుడన్నాను? సెన్సర్ సిగ్నల్ పంపే ఆ క్షణానికి కావాల్సిన పవర్ ఇది ఇస్తుంది, వేలసార్లు చార్జ్ చేసినా అరగదు. అంతే.

సోల్డర్_సూరి: నీ కష్టాన్ని అనలేదమ్మా. 900 కూడా వదిలెయ్. ఇప్పుడు రిపేరుకొచ్చిన దాంట్లో సెల్ పోతే ఇంకోటి అతికించి 200 రూపాయలు తీసుకుంటా. నువ్వు చొక్కా బట్టలోనే ప్రింట్ కొట్టేస్తే నేనేం విప్పాలి?

ఇంకు_పిల్ల: ...ఈ మాట ల్యాబ్‌లో ఎవరూ అడగలేదు. ఊడదీసే ప్యాచ్‌లా చెయ్యొచ్చు. కానీ వంగినప్పుడల్లా అతుకు దగ్గర రెసిస్టెన్స్ పెరుగుతుంది.

సోల్డర్_సూరి: పెరగనీ. అతుకంటూ ఉంటే చాలు.