ఎమ్మెస్సీ నర్సింగ్ ఆన్‌లైన్ క్లాసులు మీ దగ్గర ఎలా ఉన్నాయి?

సఖినేటిపల్లి_సిస్టర్
ఓబీజీ (ప్రసూతి, స్త్రీల వైద్య విభాగం) రెండో ఏడాది. క్లాసంటే గంటన్నర స్లైడ్లు చదవడమే. నైట్ పోస్టింగ్ దిగి నర్సాపురం రేవులో పంటు ఎక్కేసరికి క్లాసు మొదలవుతుంది, గోదారి మధ్యలో సిగ్నల్ పోతుంది, దాంతో అటెండెన్సూ పోతుంది. మీ కాలేజీల్లో ఏం మార్చారు? థీసిస్ గైడెన్స్ ఎలా ఇస్తున్నారు?

పాలకొల్లు_అమ్మాయి
మా మేడమ్ పాఠాన్ని పావుగంట వీడియోలు చేసి ముందు రోజే పంపేస్తారు, లైవ్‌లో కేసులే. మొన్న పార్టోగ్రాఫ్ (కాన్పు ఎలా సాగుతోందో గీసే చార్టు) ఇచ్చి, గర్భాశయ ముఖద్వారం 4 సెంటీమీటర్లు తెరుచుకున్న దగ్గర్నుంచి గీసి తెమ్మన్నారు. ఒక్కొక్కరినీ పిలిచి అడిగారు, అందరికీ వచ్చేసింది.

కాకినాడ_లేబర్‌రూమ్
4 కాదమ్మా, 5. యాక్టివ్ ఫేజ్ (ముఖద్వారం వేగంగా తెరుచుకునే దశ) 5 నుంచని డబ్ల్యూహెచ్‌ఓ 2018లోనే చెప్పింది. పాత వీడియోనే ఏటా తిప్పితే ఇలాగే ఉంటుంది.

భీమవరం_పెద్దసిస్టర్
22 ఏళ్లుగా లేబర్ రూమ్‌లోనే ఉన్నాను. మా షీటులో అలర్ట్ లైను (జాగ్రత్త పడమనే గీత) 4 దగ్గరే మొదలవుతుంది, యాక్షన్ లైను (ఇక ఆగకుండా ఏదో ఒకటి చేయమనే గీత) దానికి 4 గంటల అవతల. ఆ గీతలు చూసి ఎన్ని కేసులు టైముకి పెద్దాసుపత్రికి పంపామో మీకేం తెలుసు?

కాకినాడ_లేబర్‌రూమ్
మీ అనుభవాన్ని కాదనలేదండీ. డబ్ల్యూహెచ్‌ఓ 2020లో పార్టోగ్రాఫ్‌కి బదులు తెచ్చిన లేబర్ కేర్ గైడ్‌లో ఆ గీతలే లేవు. 5 దగ్గర 6 గంటలు కదలకపోతే అప్పుడు అలర్ట్. పక్కన తోడెవరున్నారు, తాగడానికి ఏమిచ్చారు, అవీ రాయాలి. గంటకో సెంటీమీటరు రాలేదని తొందరపడి నొప్పులు పెంచే డ్రిప్ పెట్టేయడం నా కళ్లతో చూశాను.

భీమవరం_పెద్దసిస్టర్
డాక్టరుగారు చెప్పకుండా నేను ఒక్క డ్రిప్ కూడా పెట్టలేదు. ఆ మాట వెనక్కి తీసుకోండి.

కాకినాడ_లేబర్‌రూమ్
మిమ్మల్ని అనలేదు మేడమ్. తప్పుగా అనిపిస్తే క్షమించండి.

ముమ్మిడివరం_పీడియాట్రిక్స్
మాకు తుఫానుకి మూడు రోజులు కరెంటు లేదు. అసైన్‌మెంటు రాత్రి 12కి క్లోజ్ చేసేశారు, బతిమాలినా తెరవలేదు. పిల్లల వార్డులో డ్యూటీ చేసి, ఫోను పక్కింటి జనరేటరుకి పెట్టి రాసింది అలాగే ఉండిపోయింది, ఇప్పటికీ తలచుకుంటే ఏడుపొస్తుంది. గడువు పెంచే పద్ధతి ముందే రాసిపెట్టాలి.

రావులపాలెం_కమ్యూనిటీ
మా ఇంటి దగ్గర ఏ సిమ్ము పెట్టినా కొబ్బరితోట దాటితేనే సిగ్నల్. మీరు ఏది వాడుతున్నారు?

భీమవరం_పెద్దసిస్టర్
కాకినాడ అమ్మాయీ, ఆ కొత్త షీటు ఎలా నింపాలో ఎవరైనా చూపిస్తే నేర్చుకుంటాను. వీడియోలో వద్దు, మంచం పక్కన నిలబడి చూపించండి.

సఖినేటిపల్లి_సిస్టర్
పాలకొల్లు అమ్మాయీ, ఆ వీడియోలు ఒక్కోటి ఎన్ని ఎంబీ వస్తున్నాయి? రేపు మా మేడమ్‌ని అడుగుతాను. థీసిస్ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.